అప్ప బరువుకి కట్టిన కమాను

పుష్యమాసంలో ఒక గురువారం ఉదయం గజపతినగరం లక్ష్మీనరసింహంగారు సంధ్యావందనం ముగించి, రెండో విడత కాఫీ కోసం అరుగు మీద కూర్చుని, ఆ రోజు చెయ్యవలసిన పని ఒక్కటే ఉందనుకున్నారు. జీపు కమాన్లు, అంటే చక్రాల మీది ఇనుప పట్టీల స్ప్రింగులు, కొంచెం మెత్తబరచాలి. మేస్త్రీ వస్తాడు, నాలుగు మరలు విప్పుతాడు, నాలుగు బిగిస్తాడు. భోజనాల వేళకి అయిపోయే పని. ఆ భోజనాల వేళ నెల రోజుల తరువాత అరసవల్లిలో వస్తుందని ఆయనకి అప్పుడు తెలియదు.

ఆ జీపు పెద్ద యుద్ధంలో పని చేసి, వేలంలో బయటపడ్డ మిలటరీ జీపు. నాలుగేళ్ల కిందట నరసింహంగారు దాన్ని కొన్నది పొలాల మీద తిరగడానికని ఊరంతా అనుకుంది. ఆయన కొన్నది ఒక్క మనిషి కోసం. ఆవిడ ఆయన అప్పగారు జగదాంబమ్మ. తల్లి పురిట్లోనే పోతే పదమూడేళ్ల జగదాంబ ఆయన్ను చంకనెత్తుకుని పెంచింది. తమ్ముడికి ఐదో ఏడు వచ్చేదాకా కాపురానికి వెళ్లనని మొండికేసి, మెట్టినింటివారిచేత రెండుసార్లు ముహూర్తాలు మార్పించింది.

చివరికి ఆవిడ కాపురానికి వెళ్లిన ఊరు జంటగెడ్డ. సాలూరు దాటి తారు రోడ్డు దిగాక నాలుగు కోసుల రాళ్లదారి, మధ్యలో అదే పేరు గల గెడ్డ, అంటే కొండవాగు, దాని ఆవల కొండ కింద నలభై గడపలు. భర్త చంద్రశేఖరంగారు అక్కడి శివాలయంలో అర్చకులు. నిత్యదీపం ఒక్క పూట ఆగకూడదని ఆయన ఊరు కదలరు. ఆయన లేకుండా ఆవిడ కదలదు. నరసింహంగారికా, ఉబ్బసం. నాలుగు కోసులు నడవలేరు. ఎడ్లబండిలో ఒకసారి బయలుదేరి, దుమ్ముకి ఊపిరాడక సగం దారిలో వెనక్కి తిరిగారు. అక్కాతమ్ముళ్లు ముఖాలు చూసుకుని తొమ్మిదేళ్లయింది.

జీపు కొన్నాక ఒకసారి వెళ్లారు. గెడ్డలోకి దిగుతుండగా ముందు చక్రం ఒకటి గుంటలో పడింది, వెనక చక్రం ఒకటి గాలిలోకి లేచింది, లేచింది లేచినట్టే తిరుగుతూ ఉండిపోయింది. ఆయన తల పైనున్న ఇనుప గొట్టానికి మూడుసార్లు కొట్టుకుంది. కట్టుతో ఇంటికొచ్చారు. ఆ సంగతి కొండ కిందికి చేరి, అక్కడినుంచి తిరుగు కబురు వచ్చింది: "ఆ ఇనపమేకని నేను చచ్చినా ఎక్కను. వాణ్ణీ ఎక్కవద్దను."

ఇప్పుడు వారం కిందట బావగారి చేతిరాతతో అప్ప ఉత్తరం వచ్చింది. "చూపు తగ్గుతోందిరా. దీపం చుట్టూ వెలుగు కనపడుతోంది గాని దీపం కనపడటం లేదు. పూర్తిగా పోయేలోగా అరసవల్లి స్వామిని ఒకసారి, నిన్నొకసారి చూడాలని ఉంది. ముందు ఎవర్ని చూడాలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. గుడి మెట్ల మీద పడ్డప్పటినుంచి నడుం మాట వినదు. కుదుపు తగిలితే నెలరోజులు మంచమే. అంచేత ఇది ఊరికే రాస్తున్నాను, ఏర్పాటు చెయ్యమని కాదు."

ఏర్పాటు చెయ్యమని కాదు అన్న మాట దగ్గర నరసింహంగారికి రెండు రోజులు అన్నం సయించలేదు. మాఘమాసం రెండో ఆదివారం స్వామి దర్శనం అని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నారు.

మేస్త్రీ సోములు వచ్చాడు. యుద్ధకాలంలో మిలటరీ షెడ్డులో పనిచేసినవాడు. ఆఫీసర్లని తిట్టే అలవాటు అక్కడ తీరక, ఇక్కడ బళ్లని తిట్టేవాడు.

"పాతవి మెత్తబరచడం ఎందుకు గాని సోములూ, కొత్తవే వేయిస్తాను," అన్నారు నరసింహంగారు ఉదారంగా. "విజయనగరంలో పది పట్టీల కమాన్లు వచ్చాయట. ఒక్కో పట్టీ ఇంత లావు."

"లావెందుకు బాబూ? ఫిరంగి లాగుతారేటి?" అన్నాడు సోములు. "ఇది అసలే ఫిరంగి కోసం సేసిన బండి. సెక్రం గుంటలో పడితే కమాను వొంగాల. కమాను వొంగకపోతే బండి వొంగుతాది. బండీ వొంగకపోతే మీ నడుం వొంగుతాది. ఎవులో ఒకలు వొంగాల గదా!"

మాటతో ఆగకుండా, పెరట్లో పడివున్న పాత రోలుని దొర్లించుకొచ్చి, జీపు ముందు చక్రాన్ని దాని మీదికెక్కించాడు. వెంటనే వెనక చక్రం నేల వదిలి లేచింది. దాని కింద చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించి చూపించాడు.

"సూసినారా? ఒక కాలెత్తితే ఇంకో కాలూ ఎత్తేస్తంది. నాలుగు కాళ్లూ నేల మీదుంటేనే గదా నడక! పట్టీలు కొన్ని తీసీసి, మిగతావాటికి గ్రీజు రాసి, ఒకదాని మీద ఒకటి జారీలా వదులు సేస్తే, రోలెక్కినా మిగతా మూడూ నేలని వొదలవు."

"మరి షాకబ్జర్ల మాటేమిటి?"

"ఉయ్యాల వూపీ సెయ్యి కమాను, ఆపీ సెయ్యి షాకబ్జరు. ఆపీ సెయ్యి బిగువెక్కువైతే పిల్ల ఏడుస్తాది. వదులెక్కువైతే పిల్ల పడిపోతాది. కొంచెం పొడుగున్నవి, మెత్తగా దిగీవి ఏస్తాను. సెక్రం గుంట అడుగుదాకా దిగుతాది, కూకున్నోళ్లకి తెల్దు."

నరసింహంగారికి ఉయ్యాల మాట ఎంతో నచ్చింది. "అయితే ఎన్ని పట్టీలు తీస్తావు?"

"అది నేను కాదు, మీరు సెప్పాల. బండిలో కూకునే బరువెంత? ఎక్కువ తీసీసి బరువెక్కితే కమాను సదునైపోయి ఇరుసు మీద కూకుంటాది. తక్కువ తీసి బరువు తేలికైతే గుర్రంలా తంతాది. బరువు తెల్దంటే నా వల్ల కాదు."

నరసింహంగారు రైల్వే స్టేషనులో మిషను మీద ఎక్కినవారు కాబట్టి తనది ఐదున్నర మణుగులన్నారు. సోములు తనది నాలుగన్నాడు. "మరి అప్పగోరు?"

నరసింహంగారు ఆలోచించారు. "మంచి మనిషే. ఒక చంకన నేను, ఇంకో చంకన బిందె. అలా చెరువునుంచి ఇంటిదాకా ఆగకుండా వచ్చేది."

"అది ఎన్నాళ్ల కిందట బాబూ?"

"నలభై... నలభై అయిదేళ్లు."

సోములు బీడీ ముట్టించాడు.

ఇంతలో కాఫీ తెచ్చిన ఇల్లాలు లక్ష్మీకామేశ్వరి ఆ మాటలు విని గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏవండీ, మనుషుల్ని తూకం వేస్తారా ఎక్కడైనా? చంటిపిల్లల్ని మందు కోసం తూస్తారు. పెద్దవాళ్లని దేవుడి కోసం తూస్తారు. మేస్త్రీ కోసం తూస్తారని వినలేదు."

ఆ మాటని నరసింహంగారు అప్పుడు చెవినపెట్టి ఉంటే ఈ కథ లేదు. ఆయన లోపలికి వెళ్లి కార్డు తీశారు. జీపు అని రాస్తే అప్ప రాదు. కమాన్లు అని రాస్తే జీపని తెలిసిపోతుంది. అందుకని కుశలప్రశ్నలతో కార్డు నింపి, చివర మిగిలిన జాగాలో ఇలా రాశారు: "మాఘంలో రెండో ఆదివారం నీకు అరసవల్లి స్వామి దర్శనం చేయించాలని సంకల్పం. నీవు ఎన్ని మణుగులు ఉంటావో బావగారిచేత సరిగ్గా తూయించి వెంటనే రాయించు. తక్కిన ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటున్నాను."

జంటగెడ్డలో ఉత్తరం వస్తే చంద్రశేఖరంగారు గుడి మండపంలో కూర్చుని పైకి చదువుతారు. చదువు వచ్చినవారు ఇద్దరే ఉన్న ఊరిలో అది ఆచారం. రెండోవారం తిరక్కుండా జవాబు వచ్చింది.

"చింతపండు తూచే కాటా మీద మీ అప్పని కూర్చోబెట్టి తూచాము. మూడు మణుగుల ఐదు వీశెలు. మడిచీరతోనే. నీ సంకల్పం విని ఊరు ఊరంతా ఆనందించింది. ఇంతకాలం కదలని నేను కూడా ఇక కాదనలేను. తమ్ముడంటే నువ్వేనయ్యా."

నరసింహంగారు ఆ కార్డులో మొదటి రెండు వాక్యాలు దాటలేకపోయారు. మూడు మణుగుల ఐదు వీశెలు! ఎనిమిది వీశెలు మణుగు, అంటే నాలుగు మణుగులైనా లేదు. ఒక ధాన్యం బస్తా అంతకి రెండింతలు తూగుతుంది. తనను మోసిన మనిషి ఎక్కడికి పోయింది? మిగతా మణుగులన్నీ ఏ గెడ్డలో కొట్టుకుపోయాయి? కార్డు పూజగదిలో దేవుడి పటం వెనక పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చున్నారు. మిగిలిన వాక్యాలు కళ్లకి తగిలాయి గాని మనసుకి ఎక్కలేదు.

సోములు లెక్క కట్టి వెనక తొమ్మిది పట్టీలలో నాలుగు తీసేశాడు, ముందు మూడు తీశాడు. మెత్తని షాకబ్జర్లు బిగించాడు. రోలెక్కించి చూస్తే నాలుగు చక్రాలూ బుద్ధిగా నేలమీదే ఉన్నాయి. ఇక మిగిలింది కుదుపు పరీక్ష. అప్ప నడుముకి బదులుగా నిండు చెంబు నీళ్లు వెనక సీటులో పట్టుకుని కూర్చోవలసిందిగా నరసింహంగారు భార్యను బతిమాలారు.

మొదటిరోజు కాలవగట్టు మీద తిరిగి వచ్చేసరికి కామేశ్వరి చీర పిండితే చెంబెడు నీళ్లు వచ్చాయి. షాకబ్జర్లు మార్చారు. రెండోరోజు సగం చెంబు మిగిలింది. మరలు సడలించారు. మూడోరోజు నాలుగు చుక్కలు తప్ప తొణకలేదు. నరసింహంగారు ఆనందం పట్టలేక ఆ చెంబుని కళ్లకద్దుకున్నారు. కాలవ గట్టున బట్టలుతికేవాళ్లు, పొలం పనివాళ్లు ఇదంతా చూశారు. ఇల్లాలు తలస్నానం చేసి, చెంబు ఒళ్లో పెట్టుకుని, మూడు రోజులు వరసగా ఊరి చుట్టూ జీపు ప్రదక్షిణం చేసింది. ఆఖరున భర్త కలశాన్ని కళ్లకద్దుకున్నాడు. ఇంకేం కావాలి?

సంతరోజున కొండ చింతపండు అమ్ముకునే గున్నమ్మ గుమ్మంలోకి వచ్చి, కొంగులోంచి అరవీశె బెల్లం దిమ్మ తీసింది.

"అరసవల్లి యెల్తన్నారంట గదమ్మా అప్పగోరిని తీసుకొని? ఇది నా పాలు. పట్టికెల్లండి."

దర్శనానికి వెళ్లేవారి చేతికి స్వామి కోసం ఏదో ఒకటి ఇచ్చి పంపడం వాడుకే. కామేశ్వరి కళ్లకద్దుకుని పుచ్చుకుంది. "ఎందుకే గున్నమ్మా, నీకే లేకపోతే!"

"సెప్పకమ్మా అలగ. ఇలాటి దాన్లో ఒక సెయ్యి ఎయ్యాల. మళ్లీ ఎప్పుడొస్తాది?"

"ఇలాటి దాన్లో" అంటే ఎలాంటి దాన్లో అని కామేశ్వరి అడగలేదు. సాయంత్రానికి నలుగురు వచ్చారు. మర్నాడు పదిమంది. ఒకరు వీశె, ఒకరు రెండు వీశెలు. వడ్రంగి తన కూతురి పేర ఒకటి, అల్లుడి పేర ఒకటి తెచ్చాడు. వచ్చినవాళ్లందరూ బెల్లమే తేవడం చూసి, ఈ ఏడు చెరకు బాగా పండింది కాబోలని ఆవిడ సరిపెట్టుకుంది. శుక్రవారం సాయంత్రానికి వంటింట్లో నడవడానికి దారి లేదు.

"తొమ్మిది మణుగులుంటుందండీ," అంది భర్తతో. "స్వామి పేరు చెప్పి ఇస్తే వద్దనడానికి మనమెవరం?"

"ఎవరమూ కాము," అన్నారు నరసింహంగారు. సాలూరునుంచి అటే రాజాం మీదుగా అరసవల్లి వెళ్లిపోవాలి. మళ్లీ ఇంటికి రావడం లేదు. అందుచేత బెల్లం జీపులోనే రావాలి. కామేశ్వరిని మాత్రం రైలులో ఆమదాలవలస పంపించి, అరసవల్లి సత్రంలో ఉండమన్నారు.

శనివారం తెల్లవారి వచ్చిన సోములు, బెల్లం ఎక్కించిన జీపుని చూసి కేక పెట్టాడు.

"ఏటిది బాబూ! కోడిపెట్ట పొదిగినట్టు కూకుండిపోనాదేటి బండి? అప్పగోరికని కట్టిన కమాను మీద ముగ్గురు అప్పగోర్లని ఎక్కించీసినారు!"

"దేవుడి సొమ్ము సోములూ. దించకూడదు."

"దేవుడే దించుతాడు లెండి," అని సోములు స్టీరింగు పట్టుకున్నాడు.

తారు రోడ్డు మీద బండి బాగానే నడిచింది. రాళ్లదారిలో మెల్లగా, పడవలా అటూ ఇటూ ఒరుగుతూ నడిచింది. ప్రతి గుంటలోనూ చక్రం సోములు చెప్పినట్టే అడుగుదాకా దిగింది. అయితే మళ్లీ పైకి రావడం మరిచిపోతూ వచ్చింది. గెడ్డ అంచుకి చేరేసరికి కమాన్లు వంపు పోయి తిన్నగా అయిపోయాయి. దిగుతూ ఉండగా వెనకనుంచి ఫట్‌మని ఒకటి, దాని వెంటనే మరొకటి చప్పుడయ్యాయి. ముందు చక్రం గుంటలో పడింది. వెనక చక్రం గాలిలోకి లేచి తిరగసాగింది.

నాలుగేళ్ల కిందట ఏ చోటో, ఇప్పుడూ ఆ చోటే.

నరసింహంగారు దిగి ఒక బండరాయి మీద కూర్చున్నారు. దుమ్ముకి ఉబ్బసం తిరగబడింది. ఒక్కో ఊపిరీ పిల్లనగోవిలా కూస్తోంది. గెడ్డ ఆవల, ఈతచెట్ల పైన, గుడి సున్నపు గోపురం పిడికెడంత కనపడుతోంది. అక్కడికి ఇంకా కోసున్నర. తొమ్మిదేళ్లు పోగా మిగిలింది కోసున్నర, అదీ దాటలేకపోతున్నారు. తల ఎత్తి చూస్తే కొండ మీదికి సూర్యుడు తీరుబడిగా ఎక్కుతున్నాడు.

"స్వామీ," అన్నారు నరసింహంగారు రొప్పుతూ. "నీ రథానికి ఒక్కటే చక్రమట. ఏ గుంటలోనూ పడకుండా రోజూ సమయానికి చేరుతావు. నాకు నాలుగున్నాయి. నేనడిగిందీ పెద్ద దూరం కాదు. తప్పెక్కడుందో చెప్పకూడదా?"

స్వామి ఏమీ చెప్పలేదు. కాని ఆవలి గట్టునుంచి తప్పెటగుళ్ల మోత వినపడింది. తరువాత పాట. తరువాత మనుషులు, యాభైమందికి తక్కువ లేరు, పసుపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు ముందు. వారి మధ్య నలుగురి భుజాల మీద పొడుగాటి వెదురుబొంగు, దానికి వేలాడగట్టిన దుప్పటి డోలీ. పక్కనే గొడుగు పట్టుకుని బావగారు చంద్రశేఖరంగారు నడుస్తున్నారు.

గెడ్డ దాటి వస్తున్న డోలీలోంచి సన్నటి గొంతు వినిపించింది. "ఒరే లక్ష్ముడూ, ఆగు. ఆ కూత మా నరసిమ్మందిరా. ఆ ఊపిరి నాకు తెలుసు."

ముందు బొంగు మోస్తున్న లక్ష్ముడు ఆగి, మెల్లగా డోలీ దించాడు. నరసింహంగారు లేచారు. నడిచారో, పరిగెత్తారో ఆయనకి గుర్తులేదు. దుప్పటిలో అప్ప పిట్టంత ఉంది. ఆవిడ రెండు చేతులూ చాచి ఆయన ముఖాన్ని తడిమింది. నుదురు, బుగ్గలు, చెవులు.

"ఇంత పెద్ద ముఖం ఎక్కడిదిరా నీకు? జుట్టేదీ?"

"పోయిందప్పా."

"ఎప్పుడు పోయింది? ఎవరూ రాయలేదే!"

నరసింహంగారు ఆ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. వదలకుండానే అడిగారు. "నువ్వెలా వచ్చావప్పా? బావగారు దీపం వదిలి ఎలా వచ్చారు?"

"బాగా అడిగావు," అన్నారు చంద్రశేఖరంగారు. "ఊరికే రమ్మంటే తొమ్మిదేళ్లు రాలేదు నిజమే. తమ్ముడు అక్కగారికి తులాభారం మొక్కుకున్నాడంటే, తీసుకురాకపోతే ఆ దోషం నాది కాదూ? మా తమ్ముడి కొడుకుని దీపం దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. మోస్తాం మేం మోస్తామని ఊరు ఊరే బయలుదేరింది."

"తులాభారమా?"

"మరి బరువెందుకు అడిగావయ్యా? మనిషి బరువుతో లోకంలో ఇంకేం పనుంది?"

నరసింహంగారు సోములు వైపు చూశారు. సోములు విరిగిన కమాను వైపు చూశాడు. లక్ష్ముడు మాత్రం జీపులోకి తొంగిచూసి చేతులెత్తాడు.

"అదిగో సూడండి బెల్లం! నాను సెప్పనేదా? మాటంటే మాటేనని! ఒసే తాతమ్మా, సూడే, బండి ఇరిగిపోయీటంత తెచ్చినాడు బాబు!"

ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తప్పెటగుళ్లు మళ్లీ మోగాయి. నిజం చెప్పాలని నరసింహంగారు నోరు తెరిచారు. అప్పుడే అప్ప ఆయన చెయ్యి నొక్కింది. "ఈ వయసులో నన్ను తూచేదేమిటిరా పిచ్చివాడా! నా బరువు బెల్లం ఈ రాళ్లల్లో మోసుకొస్తున్నావా, ఆ ఊపిరితో?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నరసింహంగారు నోరు మూసుకున్నారు. జీవితంలో ఆయన చేసిన మంచి పనులలో అదొకటి.

బెల్లమంతా కావళ్లకెక్కింది. పన్నెండుమంది కలిసి జీపుని ఎత్తి గట్టున పెట్టారు. సోములు పచ్చి వెదురు చీల్చి, విరిగిన కమానుకి ఎముకకి కట్టినట్టు కట్టు కట్టాడు. తరువాత డోలీ ముందు, ఖాళీ జీపు వెనక, ఊరేగింపులా బయలుదేరాయి. సోములు కళ్లు డోలీ మీదే ఉన్నాయి. ఒకడి కాలు గుంటలో దిగితే పక్కవాడి భుజం లేస్తోంది. అడుగడుక్కీ బొంగు విల్లులా వంగి లేస్తోంది. లోపలున్న మనిషి మాత్రం తొణకడం లేదు.

"ముప్పయ్యేళ్లుగా కమాన్లు కడతన్నాను బాబూ," అన్నాడు నెమ్మదిగా. "ఇలాటిది నేను కట్టనేదు."

"ఏం చేస్తాం సోములూ," అన్నారు నరసింహంగారు. "దీనికి పట్టీలు మనుషులు."

తారు రోడ్డు చేరాక డోలీవాళ్లు ఆగారు. అక్కడినుంచి అరసవల్లి ఎవరి భుజాలకీ అందే దూరం కాదు. ధాన్యం లారీవాడిని బతిమాలి జనాన్నీ బెల్లాన్నీ అందులో ఎక్కించారు. ఇక అప్ప మిగిలింది.

"ఇనపమేక ఎక్కనని ఒట్టేశాను," అంది.

"ఆ ఒట్టు ఎక్కడ వేశావో అక్కడే గెడ్డలో పడిపోయిందప్పా. నేను చూశాను," అన్నారు నరసింహంగారు. ఆవిడ నవ్వింది. నీ చెయ్యి వదిలితే దిగిపోతానని చెప్పి ఎక్కింది. మూడు మణుగుల ఐదు వీశెలకని కట్టిన కమాన్లు, వెదురు కట్టుతో సహా, గుంటలూ గెడ్డలూ లేని చదునైన రోడ్డు మీద, నిక్షేపంలా ఊగాయి. బొబ్బిలి దాటకముందే అప్ప తమ్ముడి భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఉబ్బసం కూతకి నిద్ర చెడుతుందని ఆయన సగం సగం ఊపిరి పీలుస్తూ కూర్చున్నారు.

ఆదివారం పొద్దున్న స్వామి ఎదుట ఆవిడ చాలాసేపు నిలబడింది. వెనకవాళ్లు తోస్తున్నా కదలలేదు. బయటికి వచ్చాక నరసింహంగారు భయం భయంగా అడిగారు. "కనపడ్డారా అప్పా?"

"ఎర్రగా వెలుగు కనపడిందిరా. స్వామో, హారతో తెలియలేదు. ఏదైతేనేం." తమ్ముడి చెయ్యి పట్టుకుని అంది. "నువ్వు మాత్రం బాగా దగ్గరగా కనపడ్డావు."

తులాభారం సత్రం వసారాలో, ఒక పెసల వ్యాపారి ఇచ్చిన పెద్ద కాటా మీద జరిగింది. ఒక పళ్లెంలో అప్పని కూర్చోబెట్టారు. రెండో పళ్లెంలో బెల్లమంతా పెట్టేసరికి ఆవిడ గాలిపటంలా పైకి లేచిపోయింది. "బాబోయ్, నన్నెక్కడికి పంపుతున్నార్రా!" అని అరిచింది. కొంత బెల్లం తీసేద్దామన్నారు ఎవరో. స్వామికని ఇచ్చింది తీసేదెలా అని చంద్రశేఖరంగారు గడ్డం గోక్కున్నారు.

"బెల్లం తగ్గకూడదు. మనిషి పెరగాలి," అని తేల్చారాయన. "నరసింహం, నువ్వూ ఎక్కు."

నరసింహంగారు పంచె సర్దుకుని, పళ్లెంలో అప్ప పక్కన ముడుచుకుని కూర్చున్నారు. పళ్లేలు రెండూ ఒక్క క్షణం అటూ ఇటూ ఆలోచించి, సరిసమానంగా నిలిచాయి. ఆడవాళ్లు గోవిందలు పలికారు. సోములు కూడా చేతులు జోడించాడు. ఆ నిలకడ అతనికి మేస్త్రీగా నచ్చింది. ఆ బెల్లంతో వండిన పరమాన్నం వచ్చిన వారందరూ తిన్నారు. నరసింహంగారి భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

చేతులు కడుక్కుంటూ ఆయన బావగారికి అసలు సంగతి చెవిలో చెప్పేశారు. "నేను మొక్కుకోలేదు బావగారూ. మొక్కని మొక్కు తీరిస్తే ఆ పుణ్యం ఎవరిది? అసలు అది పుణ్యమేనా?"

చంద్రశేఖరంగారు ఉత్తరీయంతో చేతులు తుడుచుకున్నారు. "కార్డు రాసింది నువ్వు. చదివింది నేను. మధ్యలో ఎవరో ఒకరు ఉండి ఉంటారు. నాకు నైవేద్యం పెట్టడం వరకే తెలుసు నాయనా. మీ అప్పకి మాత్రం చెప్పకు."

దీపానికి మనిషి ఉన్నాడు గనక అప్ప బావగారితో సహా నెలరోజులు గజపతినగరంలో తమ్ముడింట ఉంది. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆయన లేత బుగ్గల సంగతులు కామేశ్వరికి చెప్పి నవ్వించేది. ఆవిడ డోలీలో తిరిగి వెళ్లిన పది రోజులకి జంటగెడ్డనుంచి ఒక కవరు వచ్చింది. బావగారి చేతిరాత. "మీ దయవల్ల క్షేమంగా చేరాము. నువ్వు చేసిన పని చూసి ఇక్కడి పెద్దవాళ్లకి కూడా ఆశ పుట్టింది. నీ మనసు తెలిసినవాణ్ణి గనక కాదనలేక అందరినీ నేనే తూచాను." కింద ఏడుగురు ముసలమ్మల పేర్లు, ఎదురుగా మణుగులూ వీశెలూ వరసగా ఉన్నాయి. లక్ష్మణమ్మ దగ్గర ఏడు మణుగులని రాసి, రెండుసార్లు తూచామని కూడా రాశారు.

నరసింహంగారు ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, లారీ కమాన్లు ఈ జీపుకి పడతాయేమో కనుక్కోమని సోములుకి కబురు పంపారు.